కీపిటప్ పోసవ్వ

బాన్సువాడలో కాన్పుల దవాఖానకు వెళ్లి పోసవ్వ ఎక్కడుందని అడగండి. సగం మంది తెల్లమొహం వేస్తారు. అదే కీపిటప్ అవ్వ ఏదని అడిగితే, గేటు బయట టీ బండి నడిపే ధర్మా మొదలుకొని వరండాలో సద్ది విప్పుకుంటున్న ముసలమ్మల దాకా అందరి చేతులూ ఒకే వైపు లేస్తాయి. ఆ పేరు ఎవరూ పీటల మీద కూర్చోబెట్టి పెట్టలేదు. పొద్దస్తమానం ఒకే మాట అంటూ తిరుగుతుంటే ఆ మాట మనిషికి అతుక్కుపోక ఏం చేస్తుంది!

మనిషి పొట్టి. నుదుటన పెద్ద బొట్టు, నడకలో ఎప్పుడూ తొందర. పుట్టింది కోటగిరి వైపు పల్లెలో. నిజాంసాగర్ కాలువ కింది మళ్లలో నాట్లు వేస్తూ పెరిగింది. బాన్సువాడ రైస్‌మిల్లులో బస్తాలు మోసే వెంకట్రాములును పెళ్లాడి ఈ ఊరు చేరింది. కొన్నేళ్లకు ఆయన నడుము బస్తాలకు మొరాయించింది. ఆయన మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు, ఈమె దవాఖానలో ఆయాగా చేరింది. బాలింతల దుప్పట్లు మార్చడం, వేడినీళ్లు తెచ్చివ్వడం, లేవలేని వాళ్లను చేయి పట్టి నడిపించడం ఆమె కొలువు. చదువుకోలేదు. కానీ మనిషి ముఖం చూస్తే కడుపులో ఏముందో పసిగట్టేస్తుంది. నచ్చితే నచ్చిందని, నచ్చకపోతే లేదని మొహాన అనేసే రకం. ఆ నోరే ఆమెకు మొదట్లో కొంప ముంచింది.

ఆ సంగతి చెప్పేముందు ఒక మాట. మన దగ్గర ఒకరిని మెచ్చుకోవడమంటే చిన్న విషయం కాదు. పిల్లాడు ముద్దుగా ఉన్నాడన్నారో, వాళ్లమ్మ మొహం మాడ్చుకొని వాడి బుగ్గ మీద కాటుక చుక్క ఇంకాస్త పెద్దది చేస్తుంది. వరి ఏపుగా ఉందంటే రైతు మర్నాడే మడిలో దిష్టిబొమ్మ నిలబెడతాడు. కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ, కొత్త ట్రాక్టరుకు నిమ్మకాయలు. పక్కింటివాడి కొత్త మోటారుసైకిలును చూసి బాగుందని అనలేక, 'ఏం ఇస్తది మైలేజీ?' అని అడిగి ఊరుకునే మర్యాదస్తులం మనం. ఇక బాలింత పాల ముచ్చట అయితే నిప్పుతో చెలగాటమే. పాలు పడుతున్నాయా లేదా అని గుసగుసగా అడగవచ్చు. బాగా పడుతున్నాయని మాత్రం ఎవరూ నోరారా అనకూడదు. అన్నవాళ్లు ఆ ఇంటికి శత్రువులు.

పోసవ్వ అనేసింది.

కొలువులో చేరిన కొత్తలో, తండా నుంచి భీమ్లి అనే పిల్ల తొలికాన్పుకు వచ్చింది. బిడ్డ పుట్టిన మర్నాటి నుంచి పొద్దంతా ఓపిగ్గా కూర్చుని పాలు పట్టేది. ఒకనాడు బిడ్డ మూతి పక్క నుంచి పాలు కారుతుంటే పోసవ్వకు సంబరం ఆగలేదు. "ఎన్ని పాలే నీకు! మంచిగ తాపుతున్నవ్ బిడ్డా!" అంది, వార్డంతా వినేటట్టు. భీమ్లి సిగ్గుపడి నవ్వింది. పక్కన ఉన్న ఆమె తల్లి మాత్రం నవ్వలేదు. కొంగు లాగి కూతురిని, బిడ్డను కలిపి కప్పేసింది.

తెల్లవారేసరికి భీమ్లికి జ్వరం. రొమ్ములు గడ్డకట్టి రాళ్లయ్యాయి. ముట్టుకుంటే ఏడుపు. ఇలాంటిది బాలింతల్లో మామూలేనని డాక్టరమ్మ చెప్పింది, మందులిచ్చింది, వేడినీళ్ల కాపడం పెట్టించింది. కానీ ఆ మాటలు ఎవరి చెవికి ఎక్కాయి? "నీ నోరు పాడుగాను! నా బిడ్డ పాల మీద పడ్డవేందే?" అని భీమ్లి తల్లి వార్డు మధ్యలో నిలబెట్టి కడిగేసింది. మిగిలిన మంచాల దగ్గరి అత్తలూ తల్లులూ ఆమెకే వంత పాడారు. తండా వాళ్లని, ఊరి వాళ్లని, హిందువులని, ముస్లింలని తేడా లేదు, ఈ ఒక్క విషయంలో వార్డంతా ఒకే కులం.

జ్వరం తగ్గింది. భీమ్లి బిడ్డను ఎత్తుకొని నవ్వుకుంటూనే ఇంటికి వెళ్లింది. ఆమె ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయింది కూడా. పోసవ్వను మాత్రం ఆ మాట వదల్లేదు. పోసవ్వ నోరు మంచిది కాదన్న మాట మంచం నుంచి మంచానికి పాకింది. పాత బాలింతలు వెళ్లిపోతూ కొత్తవాళ్లకు అప్పగించి పోయేవాళ్లు. ఆమె వార్డులో అడుగుపెడితే చాలు, తువ్వాళ్లు బిడ్డల మీదికి ఎగబాకేవి. అన్నిటికంటే కష్టమైన సంగతి ఏమిటంటే, పోసవ్వ కూడా దాన్ని నమ్మింది. తన నాలుక మీద ఏదో ఉందని, అది పడితే పచ్చని చెట్టు కూడా వాడుతుందని ఆమె లోలోపల కుమిలిపోయింది. ఆనాటి నుంచి నోటికి తాళం వేసుకుంది. బాలింతలు భయపడి, అలసిపోయి, 'మంచిగనే చేస్తున్ననా అవ్వా?' అన్నట్టు కళ్లతో అడిగేవారు. ఆమె తల తిప్పుకొని బకెట్ ఎత్తుకొని పోయేది.

షాగుఫ్తా రాకపోతే ఆ తాళం అలాగే తుప్పు పట్టిపోయేది. రుద్రూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే కొత్త నర్సు షాగుఫ్తా. సన్నగా, చురుగ్గా ఉంటుంది. ఒకనాడు పొద్దున ఆ సిస్టరమ్మ ఒక బాలింత పక్కన కూర్చుని, బిడ్డను రొమ్ముకు ఎలా పట్టుకోవాలో చూపించి, లేస్తూ లేస్తూ ఆమె భుజం తట్టి ఏదో అంది. పిల్ల మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. పక్కనే అత్త, అత్త పక్కన అమ్మమ్మ కాపలా కూర్చున్నారు. ఇద్దరిలో ఒక్కరు కూడా ఉలకలేదు. కొంగు లాగలేదు. పోసవ్వ ఆశ్చర్యపోయి షాగుఫ్తా వెంటపడింది.

"సిస్టరమ్మా, గా పిల్లతోని ఏమన్నవు?"

"కీపిటప్ అన్న."

"గంటే ఏంది?"

"మంచిగ చేస్తున్నవు, గిట్లనే చెయ్యి అని."

పోసవ్వ గొంతు తగ్గించింది. "గంత మాట నోటితోని అన్నవా? వాళ్లత్త పక్కకే ఉండె గద! దిష్టి తగలదా?"

షాగుఫ్తా నవ్వింది. "మా ఇండ్లల్ల గూడ నజర్ భయం ఉంటదవ్వా. గందుకే ఏది మెచ్చుకున్నా ముందుగాల మాషాల్లా అంటం. ఇగ ఫికర్ లేదు."

"మీకు గా మాటన్న ఉన్నది. మాకేమున్నది? నోరు మూసుకునుడే."

"ఐతే నువ్వు ఇంగ్లీషుల అను," అంది షాగుఫ్తా వేళాకోళంగా, చేతిలో సిరంజి సర్దుకుంటూ.

ఆ పిల్ల వేళాకోళానికే అంది. పోసవ్వ దాన్ని కొంగున ముడి వేసుకుంది. సాయంత్రం ఇంటికి పోతూ దారంతా అదే ఆలోచన. అత్త వింది, అమ్మమ్మ వింది, ఎవరికీ ఏమీ పట్టలేదు. మర్నాడు ఆ బాలింతకు జ్వరం రాలేదు, మూడో రోజూ రాలేదు. దిష్టికి ఇంగ్లీషు రాదని పోసవ్వకు తేలిపోయింది.

ఇక చూడండి. సందు దొరికితే చాలు, షాగుఫ్తాను పట్టుకొని ఒక్కో మాట నేర్చుకుంది. నొప్పులు పడుతున్న వాళ్లకు 'కీప్ గోయింగ్'. బిడ్డ తల కనబడే వేళకు 'ఆల్మోస్ట్ దేర్'. బిడ్డ బయటపడి కేరుమన్నాక 'వెల్ డన్'. లేచి మొదటి అడుగులు వేసే ఆపరేషన్ తల్లికి 'యూ ఆర్ డూయింగ్ గ్రేట్'. ఇది కొంచెం పొడుగు కాబట్టి పోసవ్వ దాన్ని తొందర లేనప్పుడే వాడేది. 'గుడ్ జాబ్' అనేది కూడా నేర్చుకుంది కానీ, అది విన్న ఒక ముసలమ్మ తన మనవడికి కూడా ఆ జాబేదో ఇప్పించమని రెండు రోజులు వెంట తిరగడంతో దాన్ని మానేసింది. ఒకసారి పాలిచ్చే తల్లికి 'వెల్ డన్' అంటే షాగుఫ్తా సరిదిద్దింది.

"గట్ల గాదవ్వా. వెల్ డన్ అంటే పని అయిపోయినంక అనాలె. పాలు తాపే తల్లికి పని యాడ అయిపోతది? ఆమెకు కీపిటప్ అనాలె. ఇంకా చెయ్యాలె గద."

ఈ మాట పోసవ్వకు బాగా నచ్చింది. నిజమే కదా, బాలింతకు అయిపోవడమన్నది ఎక్కడుంది! అప్పటి నుంచి మిగతావన్నీ వెనకబడి, కీపిటప్ ఒక్కటే ఆమె నోట ఆడింది. ముస్లిం తల్లుల దగ్గర దానికి ముందు మాషాల్లా కూడా కలిపేది, రెండు తాళాలు వేసినట్టు. ఎవరైనా అత్తగారు అనుమానంగా 'ఏమంటున్నవే?' అని అడిగితే, 'దవాఖాన మాట పెద్దమ్మా' అని తప్పించుకునేది. అర్థం చెప్పిందంటే అది తెలుగైపోతుంది, తెలుగైతే మళ్లీ మొదటికొస్తుంది!

అర్థం తెలియకపోయినా తల్లులకు అందేది అందింది. కళ్లలోకి చూస్తూ, భుజం మీద చేయి వేసి అన్న మాటకు నిఘంటువు అక్కర్లేదు. తువ్వాళ్లు ఎగబాకడం తగ్గింది. ఇంట్లో పళ్లెంలో అన్నం ఖాళీ చేస్తే వెంకట్రాములుకు కీపిటప్. వర్షంలో ఆగకుండా తీసుకొచ్చిన ఆటో అతనికి కీపిటప్. కరెంటు పోయి వచ్చాక మళ్లీ తిరిగిన ఫ్యానుకు కూడా కీపిటప్. "మొగుణ్ని, ఫ్యానును ఒకటే గాటన కడ్తివి గదనే," అని వెంకట్రాములు నవ్వేవాడు.

ఇలా హాయిగా సాగిపోతున్న రోజుల్లో పల్లవి వచ్చింది.

పల్లవిది మహమ్మద్ నగర్ దగ్గర పల్లె. డిగ్రీ చదివిన పిల్ల. భర్త సాయిప్రసాద్ వరి, చెరకు పండించే ఇంటివాడు. నెలలు నిండకముందే కాన్పు అయింది. ఆడపిల్ల. పిల్ల ఎంత చిన్నగా ఉందంటే, చూసినవాళ్లు ముందు పిల్లను కాక గుడ్డలనే చూసేవాళ్లు. చప్పరించే బలం కూడా లేదు. డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. పిల్లను తల్లి గుండెకు ఆనించి ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టుకోవాలి, పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి, పడకపోయినా పిండుతూనే ఉండాలి, ఆపకపోతే పాలు వస్తాయి. ఆ పిల్లకు తల్లిపాలే మందు అని, బరువు పెరిగితే గండం గట్టెక్కినట్టేనని చెప్పింది.

చెప్పడానికి ఎంత, చేయడానికి ఎంత! పల్లవి పొద్దున్నుంచి పిండితే గిన్నె అడుగు కూడా తడిసేది కాదు. మర్నాడూ అంతే. పిల్ల బరువు పెరక్కపోగా కాస్త తగ్గింది. అత్త గంగమణి చెడ్డ మనిషి కాదు. పొలం పనిలో రాటుదేలిన మనిషి, భయం వేస్తే కోపంగా మారే రకం. మంచం పక్కన కూర్చుని ఒక్క మాటా మాట్లాడేది కాదు. గిన్నె వంక చూడటం, నిట్టూర్చడం, కొంగుతో దాన్ని కప్పడం. ఆ నిట్టూర్పు విన్న ప్రతిసారీ పల్లవి ఇంకాస్త ముడుచుకుపోయేది.

ఒకనాటి మధ్యాహ్నం గంగమణి కొడుకుతో అంది. "ఇగ చూసింది చాలు. బజారుకు పోయి పాలడబ్బ తే. నా మనవరాలును ఎండవెట్టి సంపుకుందునా?" సాయిప్రసాద్ డాక్టరమ్మ మాట గుర్తుచేయబోయి, తల్లి మొహం చూసి, బండి తీశాడు. డబ్బా వచ్చి కిటికీలో కూర్చుంది.

పల్లవి దాన్ని చూసింది. చేతిలో ఉగ్గుగిన్నె పట్టుకొని అలా ఉండిపోయింది. అప్పుడే దుప్పటి మార్చడానికి వచ్చిన పోసవ్వ ఆమె చేతి కిందకు చేయి ఆనించి, అలవాటుగా అంది. "కీపిటప్ బిడ్డా. కీప్ గోయింగ్."

పల్లవి ఒక్కసారిగా విరుచుకుపడింది. "వద్దవ్వా! నాతోని ఇంగ్లీష్ మాట్లాడకు. మా స్కూల్ల అందరికి గదే రాసేటోళ్లు. ఫస్టొచ్చినోళ్లకు కీపిటప్, ఫెయిలైనోళ్లకు కీపిటప్. గా మాటకు ఏం విలువ ఉన్నది?" ఆమె పోసవ్వ చేయి గట్టిగా పట్టుకుంది. "నువ్వు గింతమందిని చూసినవ్. నాకు తెలుగుల చెప్పు. నిజం చెప్పు. నాకు పాలు వస్తున్నయా? లేకుంటే ఊకెనే నన్ను బుదరకిస్తున్నవా?"

ఇన్నేళ్లూ పోసవ్వ ఆ ఇంగ్లీషు మాటల చాటునే దాక్కుంది. ఈ పిల్లకు ఇంగ్లీషు వచ్చు. అందుకే ఈమె దగ్గర ఆ మాట పనిచేయడం లేదు. ఎదురుగా గంగమణి, రెండు కళ్లూ తన మీదే. అంటే ఏమవుతుందో పోసవ్వకు తెలుసు. భీమ్లి జ్వరం, భీమ్లి తల్లి తిట్లు అన్నీ నిన్నటివిలా గుర్తొచ్చాయి. తన నాలుక ఈ పసిగుడ్డు నోటికాడి చుక్కల మీద పడితే? అనకపోతే? అనకపోతే ఈ పిల్ల గిన్నె కింద పెట్టేస్తుంది. మళ్లీ ఎత్తదు. ఆ సంగతి ఆమె మొహం మీద రాసి ఉంది.

పోసవ్వ గిన్నె మీద పడ్డ పల్లవి కొంగును పక్కకు తొలగించింది. వంగి చూసింది. అడుగున పసుపు పచ్చగా, చిక్కగా, పెసరగింజ లోతున పాలు.

"వస్తున్నయి బిడ్డా," అంది. మళ్లీ అంది, ఈసారి గట్టిగా. "నిన్న గిన్నె తడవలే. ఇయ్యాల చూడు, అడుగు కనవడ్తలేదు. పాలు వస్తున్నయి. నువ్వు మంచిగ చేస్తున్నవ్. గింత ఓపిక నేను మస్తుమంది తల్లుల్ల చూడలే. నీ బిడ్డకు నువ్వు సాలుతవ్. ఆపకు."

"పోసవ్వా!" గంగమణి గయ్యిమంటూ లేచింది. "ఏం మాటలవి? పాలను పట్టుకొని నోటితోని అంటవా? సిగ్గున్నదా నీకు? కళ్ల ముందర పసిపిల్ల పానం మీద ఉంటే..." అంటూ గిన్నెను లాక్కుని కొంగు చాటున పెట్టుకుంది. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. ఎవరో పాత కథ గుసగుసగా ఎత్తుకున్నారు. పోసవ్వ మాసిన దుప్పటి చంకన పెట్టుకొని బయటికి నడిచింది. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూస్తే, పల్లవి ఏడుస్తోంది. కానీ అత్త చేతిలోని గిన్నె కోసం చేయి చాస్తోంది.

ఆ సాయంత్రం పోసవ్వ ఇంట్లో అన్నం ముట్టలేదు. వెంకట్రాములు అడిగితే సంగతంతా చెప్పింది. "నోరు జారిన. ఆ పిల్లకు ఏమన్న అయితే నేను బతకను," అంది. ఆయన, "నువ్వు జారలే. తెలిసే అన్నవ్," అన్నాడు. అది ఓదార్పో, నిందో ఆమెకు అర్థం కాలేదు. పోచమ్మకు మొక్కుకుంది. ఆ పిల్ల గట్టెక్కితే బోనం పెడతానంది, గట్టెక్కకపోతే ఇక దవాఖాన గడప తొక్కనంది.

మర్నాడు పొద్దున ఆమె కాళ్లు దవాఖాన వైపు సాగనంటే సాగనన్నాయి. రోజూ అందరికంటే ముందు ఉరికే మనిషి, ఆ రోజు దారిలో కనబడిన ప్రతి దుకాణం ముందూ ఆగింది. గేటు దగ్గరికి వచ్చి తలెత్తితే, ఎదురుగా గంగమణి. నిద్ర లేని కళ్లు. కుడి చేతి పిడికిలి బిగించి పట్టుకొని ఉంది. తన కోసమే కాచుకొని ఉందని చూడగానే తెలిసిపోయింది.

పోసవ్వ "పిల్ల ఎట్లున్నదమ్మా?" అని అడగబోయింది.

గంగమణి ఆమె రెక్క పట్టుకొని, ధర్మా టీ బండి పక్కకు లాక్కుపోయింది. అక్కడ బాలింతలకు వేడినీళ్లు కాచే కట్టెల పొయ్యి మండుతోంది. "నిలవడు. కదలకు," అంది గంగమణి. పిడికిలి విప్పింది. అందులో రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు.

దిష్టి తీయడానికి! పిల్లకు తీయడానికి, తన కాలి కింది మన్ను కూడా అందులో కలుపుతుందేమోనని పోసవ్వ అనుకుంది. దిష్టి పెట్టినవాళ్ల కాలి మన్ను కలిపి తీయడం తెలిసిందే కదా. కలుపుకోనీ అని కాలు కొంచెం ఎత్తి నిలబడింది.

గంగమణి ఆ చేతిని పోసవ్వ నెత్తి మీద నుంచి కాళ్ల దాకా తిప్పడం మొదలుపెట్టింది. "ఇరుగోళ్ల దిష్టి, పొరుగోళ్ల దిష్టి, కాన్పుకొచ్చినోళ్ల దిష్టి, ఎల్లిపోయినోళ్ల దిష్టి, అన్ని పోవాలె..."

"నాకెందుకమ్మా?" పోసవ్వ బిత్తరపోయింది. "నాకు దిష్టి తీసుడేంది?"

"ఉప్పు చేతుల ఉండంగ మాట్లాడొద్దు," అని గదమాయించి, గంగమణి తిప్పడం పూర్తిచేసి ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో విసిరింది. ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు నల్లగా మాడాయి కానీ ఘాటు రాలేదు. "చూసినవా ధర్మా? కోరన్న వస్తలేదు. ఎంత దిష్టి ఉన్నదో ఈమెకు!" అంది గంగమణి. ధర్మా చాయ్ వడపోస్తూ, "రోజు గింతమంది మొక్కుతుంటే ఉండదా మరి," అన్నాడు.

అప్పుడు గంగమణి పోసవ్వ వైపు తిరిగింది. నిన్న గయ్యిమన్న గొంతేనా ఇది అన్నట్టుంది ఆమె గొంతు.

"నువ్వు పోయినంక ఆ పిల్ల గిన్నె కింద పెట్టలే పోసవ్వా. నేను పండుకో అన్నా పండుకోలే. పిండుడు, తాపుడు, మళ్ల పిండుడు. 'అవ్వ నిజం చెప్పింది అత్తమ్మా, అవ్వకు అబద్ధం చెప్పే అవుసరం లేదు' అనుడు. ఇప్పుడు గిన్నె నిండుతున్నది. ఇంతకుముందే తూకం వేసిండ్రు. పిడికెడు బియ్యమంత పెరిగింది నా మనవరాలు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా కొడుకు పుట్టినప్పుడు నాకు గూడ గిట్లనే అయింది. మా అత్త గిన్నె దిక్కు చూసుడు, ఊర్కుండుడు. ఒక్కరన్న ఒక్క మంచి మాట అనలే. నాతోని కాదనుకొని బర్రెపాలకు దిగిన. నిన్న నేను గూడ గదే చేసిన, నాకే తెల్వలే. నువ్వు అనకపోతే నేను ఆ డబ్బ మూత తీసేదాన్ని."

"మరి... దిష్టి?" అంది పోసవ్వ. ఇంకా ఆమె భయం ఆమెకుంది.

"దిష్టి సంగతి నేను చూసుకుంట. ఉప్పుకు కరువొచ్చిందా? నువ్వు అనేది అను, తెలుగులనే అను. నేనున్నన్ని రోజులు పొద్దుగాల నీకు తీస్త, పొద్దుమీకి ఆ పిల్లకు తీస్త."

పోసవ్వ నిలబడిన చోటే నిలబడిపోయింది. చిన్నప్పుడు నాట్ల నుంచి రాగానే తల్లి ఉప్పు తిప్పేది. ఆ తర్వాత ఆమెకు ఎవరూ దిష్టి తీయలేదు. దిష్టి తీసేది ముద్దుగా ఉన్న పిల్లలకు, నిండుగా ఉన్న తల్లులకు, పోతే ఎట్లా అని నలుగురూ భయపడే మనుషులకు. దుప్పట్లు మోసే ఆయాకు ఎవరు తీస్తారు? తన నోరు చెడ్డదనుకుంటూ ఇన్నేళ్లు బతికింది. ఆ నోటిని కాపాడాలని ఒకామె పొద్దున్నే ఉప్పు పట్టుకొని గేటు దగ్గర నిలబడింది. పోసవ్వకు ఆ క్షణాన దేవుడి మీద, గంగమణి మీద, షాగుఫ్తా మీద, ఎప్పుడో తిట్టిన భీమ్లి తల్లి మీద కూడా ప్రేమ పొంగుకొచ్చింది.

లోపలికి నడుస్తూ గంగమణి మెట్ల దగ్గర ఆగింది. ఏదో అనాలని ఉంది, అలవాటు లేని నోరు మొరాయిస్తోంది. అటూ ఇటూ చూసి, పోసవ్వ భుజం మీద మొరటుగా చేయి వేసింది.

"నాకు నీ లెక్క ఇంగ్లీషు రాదు," అంది. "మంచిగ చేస్తున్నవ్ పోసవ్వా. గిట్లనే చెయ్యి."

అందరికీ పంచిపెట్టిన ఆ మాట తనకు ఎవరైనా అంటే తిరిగి ఏమనాలో షాగుఫ్తా నేర్పలేదు. పోసవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, దవాఖాన మెట్ల మీదే, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. లోపలి నుంచి పల్లవి గొంతు వినిపించింది. "అవ్వ వచ్చిందా అత్తమ్మా? తొందరగ తోలుకరా, గిన్నె చూపియ్యాలె."